రాత్రి బడి నుంచి పని దాకా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పెద్దవారి చదువు, పేదవారికి పని శిక్షణ అన్న అంశాల మీద గత సంచికలో వచ్చిన వ్యాసం చదివి ఎందరో ఉత్తరాలు రాశారు. వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులిస్తున్నాను. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా చేశాను. రాసినవారు కోరినందువల్ల పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. పన్నెండేళ్లుగా పొదుపు సంఘంలో ఉన్నాను. ఇప్పటికీ వేలిముద్రే వేస్తాను. నేను చెబుతుంటే నా బిడ్డ ఈ ఉత్తరం రాస్తున్నది. ఈ వయసులో నాకు చదువు వస్తుందా? వచ్చినా నాకు ఒరిగేదేమిటి?
— ఒక పాఠకురాలు, నారాయణపేట జిల్లా

జవాబు: వస్తుందమ్మా. మీ మనసు నొప్పించకూడదని అంటున్న మాట కాదిది, పెద్దవారికి అక్షరాలు చెప్పిన అనుభవంతో అంటున్నాను. బడికి వెళ్లే పిల్లవాడు అక్షరంతో పాటు మాటను, మాటతో పాటు లోకాన్ని కూడా కొత్తగా నేర్చుకోవాలి. మీకు మాట వచ్చు, లోకం తెలుసు. నూటికి రూపాయిన్నర వడ్డీ మీద పదివేలకు ఎనిమిది నెలలకు ఎంతవుతుందో కాగితం ముట్టకుండానే చెప్పగలరు. తెలిసిన ఆ మాటలకు, ఆ లెక్కలకు ఉన్న గుర్తులను పోల్చుకోవడం ఒక్కటే మీరు నేర్వవలసింది. రోజుకు గంట చొప్పున కూర్చోగలిగితే ఆరు నెలలలో సంఘం పుస్తకంలో మీ పేరున్న వరుసను మీరే చదువుకుంటారు.

ఒరిగేదేమిటని అడిగారు. కొన్నేళ్ల కిందట ఒక ఊరి సంఘం సమావేశంలో కూర్చున్నప్పుడు, అప్పు తీర్మానం మీద వేలిముద్ర వేసిన ఒకామెను ఎంత అప్పు రాశారని అడిగాను. అందరికీ ఎంతో తనకూ అంతే అయి ఉంటుందన్నది. పుస్తకంలో ఆమె పేరు మీద అంతకు రెట్టింపు రాసి ఉంది. మిగిలిన సగం ఎవరు వాడుకున్నారో ఆ సాయంత్రం తేలింది, ఆమె కంట నీరు కూడా ఆ సాయంత్రమే చూశాను. చదువు వచ్చినంత మాత్రాన మోసాలు ఆగిపోతాయని నేననను. చదవగలిగిన మనిషి ముందు మోసం చేయాలంటే మాత్రం ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. పాస్‌పుస్తకం, మందుచీటీ, బస్సు బోర్డు, ఫోనుకు వచ్చే బ్యాంకు సందేశం, ఇవన్నీ మీవే. వీటిని మరొకరి చేత చదివించుకోవలసిన అవసరం తీరిపోవడం చిన్న లాభం కాదు.

2022 నుంచి 2027 వరకు అమలు చేయడానికి కేంద్ర ప్రభుత్వం ఉల్లాస్ అనే వయోజన విద్యా పథకాన్ని ఆమోదించింది. 15 ఏళ్లు నిండిన నిరక్షరాస్యులెవరైనా ఇందులో చేరవచ్చు. చదవడం, రాయడం, లెక్కలు అన్న మూడు భాగాలుగా చివర పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇస్తారు. మీ సంఘం పని చూసే సీసీని (కమ్యూనిటీ కోఆర్డినేటర్‌ను) గానీ, ఊరి బడి ప్రధానోపాధ్యాయుణ్ణి గానీ అడిగి పేరు నమోదు చేయించుకోండి. ఈ పథకంలో చదువు చెప్పేది స్వచ్ఛంద బోధకులే కనుక ఈ ఉత్తరం రాసిన మీ బిడ్డే మీకు పంతులమ్మ కావచ్చు.

ప్రశ్న: పదవీ విరమణ చేశాక మా ఊరి కూలీల కాలనీలోని సామాజిక భవనంలో రాత్రి బడి పెట్టాను. పలకలు, బలపాలు, వాచకాలు నా డబ్బుతోనే కొన్నాను. మొదటి వారం 27 మంది వచ్చారు, నెల తిరిగేసరికి ఆరుగురు మిగిలారు. లోపం నా బోధనలో ఉందా, వారి ఆసక్తిలో ఉందా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

జవాబు: మాస్టారూ, ఆసక్తి లేనివారు మొదటి వారం కూడా రారు. పగలంతా ఎండలో మిరపకాయలు కోసి, ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించి, పిల్లలకు అన్నం పెట్టి, ఆ తరువాత మీ బడికి వచ్చి కూర్చున్న మనిషి ఆసక్తిని మనం శంకించకూడదు. మీ బోధనను కూడా నేను తప్పు పట్టను. నాకు తెలిసినంతలో రాత్రి బడులు ఖాళీ కావడానికి కారణం చాలాసార్లు ఏర్పాట్లలోనే ఉంటుంది.

ముందు వారి కళ్ల సంగతి చూడండి. నలభై దాటిన వారికి చత్వారం వస్తుంది. దూరాన ఉన్న కొంగ కనిపిస్తుంది గానీ చేతిలోని పుస్తకం అలుక్కుపోతుంది. వెలుగు చాలని గదిలో ఆ ఇబ్బంది రెట్టింపవుతుంది. అక్షరాలు కనబడడం లేదని వారు చెప్పరు, తమ బుర్రకే ఎక్కడం లేదనుకుని మానేస్తారు. నేను పనిచేసిన ఒక కేంద్రంలో మానేసిన పదకొండు మంది ఇళ్లకు వెళ్లి విచారిస్తే, ఏడుగురికి కావలసింది కళ్లజోడే అని తేలింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కంటి పరీక్షలు ఏ రోజున చేస్తారో కనుక్కుని అందరినీ ఒకేసారి తీసుకువెళ్లండి. మీరు పలకలకు పెట్టిన ఖర్చు కళ్లజోళ్లకు పెట్టి ఉంటే సగం బడి నిలిచేదని నా నమ్మకం.

పలకను కూడా మానెయ్యమనే చెబుతాను. పలక పట్టుకుని వీధిలో నడిచే పెద్దమనిషిని చూసి పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వుకు భయపడి ఇంట్లో ఉండిపోయినవారు ఎందరో. నోటు పుస్తకం, పెన్ను ఇస్తే అది సంఘం లెక్కల పుస్తకంలా ఉంటుంది, చంకన పెట్టుకుని గౌరవంగా వస్తారు.

బడి వేళ మీరు నిర్ణయించారా, వారు నిర్ణయించారా? మిరప కోతలు, పొగాకు పనులు ముమ్మరంగా ఉన్న నెలలలో బడి నడపాలని పట్టుబట్టకండి. ఆ నెలలు సెలవు ఇచ్చి, పనులు తగ్గిన నెలలలో రోజుకు రెండు గంటలు కూర్చోబెట్టడం మేలు. కొన్ని ఊళ్లలో ఆడవారికి రాత్రి కన్నా మధ్యాహ్నం రెండు గంటల వేళే కుదురుతుంది. చంటిపిల్లలను చూసుకోవడానికి అక్కడే ఒక అమ్మాయిని ఉంచితే తల్లుల హాజరు పెరుగుతుంది. ఇవన్నీ చదువుకు సంబంధం లేని సంగతుల్లా కనిపిస్తాయి గానీ బడి నిలిచేదీ కూలేదీ వీటి మీదనే.

ఇక బోధన. అచ్చులన్నీ, ఆపై హల్లులన్నీ, ఆ తరువాత గుణింతాలు, వత్తులు అన్న వరుస పిల్లల కోసం ఏర్పడినది. ఆరు నెలల తరువాత గానీ ఒక్క మాట చదవలేని ఆ దారిలో పెద్దవారు నడవలేరు. వారు రోజూ పలికే మాటతోనే మొదలుపెట్టండి. పని, కూలి, నీరు, పాలు అన్న నాలుగు మాటలు చాలు. వీటిలో ప, న, క, ల, ర అన్న ఐదు హల్లులు వచ్చాయి. తలకట్టు, దీర్ఘం, గుడి, గుడి దీర్ఘం, కొమ్ము, కొమ్ము దీర్ఘం కూడా వచ్చాయి. వీటినే అటూ ఇటూ మార్చి కూర, నారు, నూలు, పులి, కాలు, పూలు, నాలుక, పలుకు, కానుక అని మొదటి వారంలోనే చదివించవచ్చు. తాను చదివింది నిజమైన మాట అని తెలిసిన రోజున వారి ముఖంలో వచ్చే వెలుగు మీరు బడిలో ఎన్నోసార్లు చూసి ఉంటారు. పెద్దవారిలో అది ఇంకా ఎక్కువగా ఉంటుంది. బ్రెజిల్‌లో విద్యావేత్త పావ్లో ఫ్రెయిరీ 1963లో ఆంజికోస్ అనే ఊరిలో సుమారు 300 మంది కూలిజనానికి 40 గంటల బోధనతో చదువు నేర్పిన ప్రయత్నం కూడా వారి మాటల నుంచే మొదలైంది. మాట నేర్పుతూనే ఆ మాట చుట్టూ ఉన్న బతుకును చర్చకు పెట్టడం ఆయన పద్ధతి. కూలి అన్న మాట రాసిన రోజున, మన ఊరిలో ఆడకూలి మగకూలి కన్నా ఎందుకు తక్కువని అడగండి. మరునాటి హాజరు చూడండి.

ఇందుకు నిదర్శనం మీ పొరుగు జిల్లాలోనే ఉంది. నెల్లూరు జిల్లాలో 1990ల మొదటి సంవత్సరాలలో సాగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. తాగుడు వల్ల ఒక సంసారం ఎలా చితికిపోయిందో చెప్పే ఆ పాఠాన్ని చదివిన ఆడవారు అది తమ కథే అనుకున్నారు. దూబగుంట అనే ఊరిలో స్త్రీలు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. రోసమ్మ వంటి వారు ముందు నిలిచిన ఆ పోరాటం ఊరూరికీ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. ఆ కేంద్రాలలో ఎవరూ అద్భుతమైన వసతులు కల్పించలేదు. పాఠం వారి గడపలోది, అంతే.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. 2009లో మొదలైన సాక్షర భారత్ అనే వయోజన విద్యా కార్యక్రమం 2018 మార్చితో ముగిసింది. ఊరి కేంద్రాలు నడిపిన సమన్వయకర్తలకు నెలకు 2,000 రూపాయల గౌరవ వేతనం వచ్చేది, అది ఆగగానే కేంద్రాలకు తాళాలు పడ్డాయి. అప్పటికి కూడబలుక్కుని చదువుతున్నవారు చదవడానికి ఏమీ దొరక్క తిరిగి మరచిపోయారు. పైసా ఇవ్వకుండా స్వచ్ఛంద సేవ మీదనే ఇంత పెద్ద పని నడపాలన్న ఇప్పటి ఉల్లాస్ పథకం ఆలోచనతో నేను ఏకీభవించలేను. మీ వంటి వారు మాత్రం బడి ముగిశాక కూడా వారానికి రెండు రోజులు పత్రిక చదివే కూటమిని నిలపండి. ఊరి గ్రంథాలయం తెరిపించగలిగితే మరీ మంచిది.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. పదో తరగతిలో గణితం, సైన్సు తప్పి మేస్త్రీల వెంట హైదరాబాదు వచ్చాను. ఆరేళ్లుగా భవనాల పని చేస్తున్నాను. కరెంటు పని నేర్చుకుని ఐటీఐ చేయాలని ఉంది. నాకిక అవకాశం ఉందా?
— విజయనగరం జిల్లా పాఠకుడు

జవాబు: ఉంది. రెండు రాష్ట్రాలలోనూ సార్వత్రిక విద్యాపీఠాలు ఉన్నాయి, వాటినే ఓపెన్ స్కూలు అంటాం. 14 ఏళ్లు నిండితే చాలు, పదో తరగతిలో చేరవచ్చు. ఐదు సబ్జెక్టులు ఎంచుకుని రాయాలి. అన్నీ ఒకేసారి రాయనక్కరలేదు, పాసైన సబ్జెక్టు అలాగే నిలిచి ఉంటుంది, మిగిలినవి ఐదేళ్ల గడువులో పూర్తిచేయవచ్చు. తరగతులు ఎక్కువగా సెలవు దినాలలో జరుగుతాయి కనుక కూలి పోగొట్టుకోవలసిన పని ఉండదు. మీరు రెగ్యులర్‌గా పాసైన సబ్జెక్టులలో కొన్నింటి మార్కులను బదిలీ చేయించుకునే వీలు ఉందేమో చేరేటప్పుడే అధ్యయన కేంద్రంలో అడగండి, ఆ మార్కుల మెమో పారేయకుండా తీసుకువెళ్లండి.

ఇక్కడ చాలామంది పొరపాటు పడే చోటు ఒకటి ఉంది. ఓపెన్ స్కూలులో గణితం తప్పనిసరి కాదు కనుక కష్టమైనది వదిలేసి సులువైన సబ్జెక్టులు తీసుకోమని పక్కవారు సలహా ఇస్తారు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడుకు పదో తరగతిలో గణితం, సైన్సు చదివి ఉండాలి. అవి వదిలేసి పాసైతే ధ్రువపత్రం చేతికి వస్తుంది గానీ మీరు కోరుకున్న తలుపు తెరుచుకోదు. అందువల్ల ఆ రెండూ పట్టుబట్టి తీసుకోండి, ట్యూషన్‌కు డబ్బు ఖర్చుపెట్టవలసి వచ్చినా వెనుకాడకండి. పది పూర్తయ్యేదాకా ఆగలేననుకుంటే వైర్‌మ్యాన్, వెల్డర్ వంటి ట్రేడులకు ఎనిమిదో తరగతి అర్హత మీదనే ప్రవేశం దొరుకుతుంది.

ఆరేళ్ల పని అనుభవాన్ని కూడా వృథా చేసుకోవద్దు. చేస్తున్న పనిలోనే నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు ప్రభుత్వ నైపుణ్య పథకాలలో ఉంది. 1998లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ నిర్మాణ అకాడమీలో నిర్మాణ రంగంలోని పనులకు శిక్షణ ఇస్తారు, అక్కడికి ఒక ఆదివారం కాకుండా పనిదినాన వెళ్లి విచారించండి. భవన నిర్మాణ కార్మికుడిగా సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకున్నారా? 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసుండి, గడచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉంటే మీకు ఆ హక్కు ఉంది. ముందు ఆ పని చేయండి, తరువాతే చదువు సంగతి చూద్దాం. పైనుంచి జారిపడిన రోజున అక్కరకొచ్చేది ఆ కార్డే.

ప్రశ్న: మా గ్రామ సంఘం తరఫున మూడేళ్లలో నాలుగు బ్యాచ్‌లకు కుట్టు శిక్షణ ఇప్పించాం. వంద మంది దాకా ధ్రువపత్రాలు తీసుకున్నారు. మిషన్ మీద సంపాదిస్తున్నవారు పదిమంది లేరు. ఇప్పుడు ఐదో బ్యాచ్ ఇస్తామంటున్నారు. ఒప్పుకోమంటారా?
— గ్రామ సంఘం అధ్యక్షురాలు, కామారెడ్డి జిల్లా

జవాబు: ఇదే రూపంలో అయితే ఒప్పుకోవద్దు. మీ వంద మందిలో లోపం ఏమీ లేదు. మీరే ఒక లెక్క వేసి చూడండి. ఊరిలో 500 గడపలున్నాయనుకుందాం. గడపకు ఏడాదికి నాలుగు జాకెట్లు బయట కుట్టిస్తారనుకుంటే మొత్తం 2,000 జాకెట్లు. రోజుకు నాలుగు కుట్టగల మనిషికి అది 500 రోజుల పని. అంటే ఏడాది పొడవునా ఇద్దరికి చేతినిండా పని దొరుకుతుంది, ముగ్గురైతే పంచుకోవాలి. అలాంటి చోట వంద మందిని తయారుచేస్తే ఒకరి పొట్ట ఒకరు కొట్టుకోవడం తప్ప మరేమీ జరగదు. ఈ చిన్న లెక్క వేయకుండానే ఏళ్ల తరబడి కుట్టు శిక్షణలు మంజూరవుతున్నాయి. గది ఒకటి, మిషన్లు పది, నేర్పేవారు ఒకరు ఉంటే చాలు గనుక శిక్షణ ఇచ్చేవారికి అది సులువు. ఆడవారంటే కుట్టు లేదా అలంకరణ అన్న ఆలోచన కూడా దీని వెనుక ఉంది, నాకు బాధ కలిగించేది అదే.

కుట్టునే ముందుకు తీసుకువెళ్లాలనుకుంటే ఊరి జాకెట్లు కాక ఇంకేమి కుట్టగలరో చూడాలి. రెడీమేడ్ దుస్తుల కర్మాగారంలో పని కావాలంటే కాలితో తొక్కే మిషన్ మీద నేర్చినది సరిపోదు, కరెంటు మిషన్ వేగానికి చెయ్యి అలవాటు కావాలి, బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ తెలియాలి. బడి పిల్లల యూనిఫారాలు కుట్టే పని తెలంగాణలో మహిళా సంఘాలకు ఇస్తున్నారు. దానికి కావలసింది కొలతల ప్రకారం ఒకే తీరుగా వందల జతలు కుట్టగలిగే బృందం. మగ్గం వర్క్ నేర్చినవారు కొందరికి పెళ్లిళ్ల కాలంలో మంచి ఆదాయం ఉంటుంది. ఇప్పటికే కుట్టు వచ్చిన వంద మందిలో ఇరవై మందికి ఈ పై మెట్టు శిక్షణ అడగండి, కొత్తగా మరో ఇరవై ఐదు మందికి మొదటి మెట్టు వద్దు.

దానికన్నా ముందు ఒక సమావేశంలో కూర్చుని మీ ఊరి డబ్బు ఊరు దాటి ఎక్కడెక్కడికి పోతున్నదో రాయండి. కాలిపోయిన బోరు మోటారు రివైండింగ్‌కు పట్నం పోతుంది. సెల్‌ఫోన్ బాగుచేయించడానికి పట్నం పోతారు. డ్రిప్పు పైపులు మరమ్మతు చేసేవారు మండలంలో ఎందరున్నారు? పెళ్లిళ్లకు వంటవారు, విస్తర్లు, పేషెంటును ఇంటి దగ్గర చూసుకునే మనిషి, నారు పెంచి ఇచ్చే నర్సరీ, వీటి కోసం ఎంత దూరం వెళుతున్నారు? ఆ జాబితాయే మీ శిక్షణ పట్టిక. మోటారు రివైండింగ్ ఆడవారికి చేతకాదని ఎవరైనా అంటే రాజస్థాన్‌లోని తిలోనియా సంగతి చెప్పండి. 1972లో మొదలైన బేర్‌ఫుట్ కాలేజీలో అక్షరం రాని అమ్మమ్మలు సైతం విడిభాగాలను రంగులనుబట్టి గుర్తుపట్టి సౌర విద్యుత్ పరికరాలు బిగించడం, బాగుచేయడం నేర్చుకున్నారు.

ఎవరిని అడగాలన్నది మిగిలిన సంగతి. ప్రతి జిల్లాలోనూ ఒక బ్యాంకు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉంటుంది, అందరూ ఆర్‌సెటీ అంటారు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ధర్మాధికారి వీరేంద్ర హెగ్గడే పూనికతో మొదలైన రుడ్‌సెటీ దీనికి నమూనా. గ్రామీణులకు భోజనం, వసతితో ఉచితంగా శిక్షణ ఇస్తారు. శిక్షణ ముగిశాక రెండేళ్ల పాటు వెంట ఉండి బ్యాంకు అప్పు ఇప్పించి వ్యాపారం నిలదొక్కుకునేలా చూడడం వారి బాధ్యత, ఆ రెండేళ్ల సంగతి మీరు గట్టిగా అడగాలి. చదువు బొత్తిగా లేనివారికి జన శిక్షణ సంస్థాన్‌లు తగినవి. 1967లో బొంబాయిలో కార్మికుల కోసం శ్రమిక్ విద్యాపీఠ్‌గా మొదలై 2000లో ఈ పేరు పొందిన ఈ సంస్థలు 15 నుంచి 45 ఏళ్ల వారికి ఊళ్లలోనే తరగతులు పెడతాయి. ఏ సంస్థ వచ్చినా మీరు ముందు అడగవలసింది ఒక్కటే: గత బ్యాచ్‌లో శిక్షణ పొందినవారిని మాకు చూపించండి, మేమే వెళ్లి మాట్లాడతాం. చూపించలేని వారిని గౌరవంగా పంపించివేయండి.

ప్రశ్న: చిన్నప్పుడు పోలియో సోకిన మా చెల్లెలికి 31 ఏళ్లు. కంప్యూటర్ శిక్షణ కేంద్రం రెండో అంతస్తులో ఉన్నందువల్ల చేర్చుకోలేమన్నారు. ఇది న్యాయమేనా?
— అనంతపురం జిల్లా పాఠకుడు

జవాబు: న్యాయమూ కాదు, చట్టమూ ఒప్పుకోదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 19వ సెక్షన్ ప్రకారం సాధారణ శిక్షణ పథకాలన్నింటిలోనూ వికలాంగులను చేర్చవలసిన బాధ్యత ప్రభుత్వానిది. పేదరిక నిర్మూలన పథకాలలో 5 శాతం వారికే కేటాయించాలని అదే చట్టం చెబుతున్నది. నోటి మాటగా కాక రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, తరగతిని కింది అంతస్తుకు మార్చమని కోరండి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి, అది పట్టుకుని జిల్లా వికలాంగుల సంక్షేమ శాఖ అధికారిని కలవండి. వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం లేకపోతే ముందు అది తీసుకోవాలి. జన శిక్షణ సంస్థాన్‌లో వికలాంగులకు రుసుము ఉండదు, మీ చెల్లెలి వయసు కూడా హద్దులోనే ఉంది. మెట్లెక్కలేని మనిషికి చదువు చెప్పలేమనడం నాకు చాలా కష్టం కలిగించింది. ఈ విషయంలో మీరు వెనక్కి తగ్గవద్దని కోరుతున్నాను.

ప్రశ్న: పెళ్లయి బడి మానేసిన స్త్రీలకు మళ్లీ చదువు చెప్పి ఉద్యోగానికి సిద్ధం చేయాలన్న ఆలోచన తెలుగువారిలో ఎవరితో మొదలైంది?
— డిగ్రీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: ఒక్కరితోనే మొదలైందనడం కష్టం. ఆ ఆలోచనను దేశవ్యాప్త పథకంగా నిలిపిన వారు మాత్రం దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆమెకు ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. తరువాత ఆమె ఆ బంధంలో కొనసాగలేదు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి వచ్చాక బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం నడిపిన బెనారస్ మెట్రిక్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఏ, మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేశారు. 1937లో మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, బడి తప్పిన ఆడపిల్లలను ఆ బెనారస్ మెట్రిక్ పరీక్షకు సిద్ధం చేసిన చిన్న తరగతి నుంచి పెరిగింది. తాను ఆలస్యంగా చదువుకున్న దారినే ఆమె ఇతరులకు తెరిచారు.

1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలు. పల్లెలలో పనిచేయడానికి నర్సులు, మంత్రసానులు, బాలసేవికలు, టీచర్లు కావాలి, ఆ ఉద్యోగాలకు కావలసిన చదువు ఉన్న పల్లె స్త్రీలు దొరకడం లేదు. 1958లో మండలి ప్రారంభించిన సంక్షిప్త విద్యా కోర్సులు ఈ కొరత నుంచి పుట్టాయి. ఉద్యోగం ముందే ఎదురుచూస్తున్నది, దానికి సరిపడే చదువును రెండేళ్లలో కుదించి చెప్పారు. కామారెడ్డి సోదరికి పైన ఇచ్చిన జవాబులో నేను చెప్పదలచినది కూడా ఇదే. పల్లెలో ఏ పనికి మనిషి కరువో తెలుసుకున్న తరువాతే ఆమె పాఠ్యప్రణాళిక రాయించారు. 1971లో ఆమెకు నెహ్రూ అక్షరాస్యతా పురస్కారం లభించింది.

ప్రశ్న: మా గిరిజన గ్రామాల నుంచి పన్నెండు మందిమి మూడు నెలలు ఉచిత శిక్షణ పొంది ఒక పెద్ద నగరంలో ఉద్యోగాలలో చేరాం. రెండు నెలలలో తొమ్మిది మంది తిరిగి వచ్చేశారు. మాకు ఓపిక లేదని అందరూ నిందిస్తున్నారు.
— అల్లూరి సీతారామరాజు జిల్లా పాఠకుడు

జవాబు: ఆ నింద మీకు చెందదు. గ్రామీణ పేద యువతకు శిక్షణ, ఉద్యోగం కల్పించే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన 2014లో ప్రారంభమైంది. శిక్షణ పొందినవారిలో కనీసం 70 శాతం మందిని ఉద్యోగాలలో చేర్చాలన్నది దాని నియమం. ఈ నియమం మంచిదే. అయితే చేర్చడంతోనే తమ పని అయిపోయిందనుకునేవారు ఉంటారు, ఆ తరువాత మనిషి ఏ గదిలో పడుకున్నాడో, ఏమి తిన్నాడో పట్టించుకునేవారు కరువవుతారు. చేతికి వచ్చే జీతంలో గది అద్దె, తిండి, ప్రయాణం పోగా ఇంటికి పంపడానికి ఏమీ మిగలనప్పుడు కొండ మీది పోడు, కాఫీ తోట పనే నయమనిపించడం తెలివైన నిర్ణయమే. పైగా భాష తెలియని నగరంలో ఇంటి మనిషి ముఖం లేకుండా గడపడం ఇరవై ఏళ్లవారికి చిన్న కష్టం కాదు.

తిరిగి వెళ్లదలచినవారు ఈసారి శిక్షణలో చేరేటప్పుడే ఉద్యోగం ఏ ఊరిలో, కోతలు పోగా చేతికి ఎంత, వసతి ఎవరిది, భవిష్య నిధి ఉందా అని కాగితం మీద రాయించుకోండి. చేరిన తరువాత కొన్ని నెలల పాటు అదనపు ఆర్థిక సహాయం ఆ పథకంలో ఉంది, అది మీకు అందిందా అని జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థలో విచారించండి. ముగ్గురు నలుగురు ఒకే చోట, ఒకే గదిలో ఉండేలా చేరడం చాలా అవసరం. వెళ్లడం ఇష్టం లేనివారు కాఫీ, మిరియాలు, పసుపు, తేనె వంటి మీ కొండ పంటల శుద్ధి, ప్యాకింగ్ పనులలో శిక్షణ కోరండి. పాడేరు ప్రాంతపు కాఫీకి పేరు ఉంది, ఆ పేరు మీద వచ్చే లాభంలో పండించేవారి పిల్లలకు వాటా ఉండాలి.

ప్రశ్న: పది తప్పిన మా అన్న గల్ఫ్ వెళ్లాలనుకుంటున్నాడు. చదువుతో పనిలేదు, విజిట్ వీసా మీద పంపిస్తానని ఏజెంటు అంటున్నాడు. ఏం చేయమంటారు?
— జగిత్యాల జిల్లా పాఠకురాలు

జవాబు: ఆగమని చెప్పండి. పది పాస్ కానివారి పాస్‌పోర్టు ఈసీఆర్ కోవలోకి వస్తుంది, అంటే గల్ఫ్ దేశాలలో ఉద్యోగానికి వెళ్లేముందు ప్రభుత్వ వలస అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి తప్పించుకోవడానికే విజిట్ వీసా మాట వస్తుంది. అలా వెళ్లినవారికి అక్కడ జీతం ఎగ్గొట్టినా, దెబ్బ తగిలినా చూపించడానికి ఒప్పందం ఉండదు. ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ నమోదు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. నమోదైన ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. అంతకు మించి అడిగితే అక్కడే ఆగిపోండి. అనుమతితో వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది, రెండేళ్లకు చందా 275 రూపాయలు. తెలంగాణ ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే విదేశీ ఉద్యోగాల సంస్థ ఉంది, హైదరాబాదు వెళ్లి అక్కడ కూడా పేరు నమోదు చేయించండి.

వెళ్లడానికి ఇంకా ఏడాది గడువు ఉంటే విజయనగరం పాఠకుడికి చెప్పినట్టే ఓపెన్ స్కూలులో పది రాయించండి. పాసయ్యాక పాస్‌పోర్టు కోవ మార్పించుకోవచ్చు. ఏ దారిన వెళ్లినా ఒప్పంద పత్రాన్ని మీ అన్న చేత పైకి చదివించండి, అర్థం కాని చోట ఊరిలో చదువుకున్నవారిని అడగండి. సంతకం చేసిన పత్రం నకలు ఒకటి, పాస్‌పోర్టు నకలు ఒకటి మీ ఇంట్లో ఉంచుకున్నాకే అతణ్ణి విమానం ఎక్కనివ్వండి.